అరువు బట్ట, సొంత బిళ్ళ: ఫ్రెంచి సైన్యపు దుస్తులు, చిహ్నాలు (1935–1962)

సభకు నమస్కారం.

యుద్ధాల గురించి మాట్లాడేవారు సాధారణంగా సేనానుల పేర్లతోనో, పోరు జరిగిన ఊళ్ళ పేర్లతోనో మొదలుపెడతారు. నేను ఈ సాయంత్రం బట్టల గురించి మాట్లాడబోతున్నాను గనుక ఒక సామెతతో మొదలుపెడతాను. అరువు సొమ్ములు బరువు చేటు అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనేవారు. పొరుగింటి నగ పెట్టుకుని పెళ్ళికి వెళ్ళిన మనిషికి పెళ్ళి జరిగినంతసేపూ ధ్యాస ఆ నగ మీదే ఉంటుంది. 1940 తరువాత సుమారు పదేళ్ళపాటు ఫ్రాన్సు సైన్యం బతుకు కూడా అలాగే సాగింది. ఒంటిమీది చొక్కా ఇంగ్లండుదో, అమెరికాదో. కాలి బూటూ, నడుముకు చుట్టిన బెల్టూ వాళ్ళు ఇచ్చినవే. ఆ అరువు బట్ట మీద కుట్టుకున్న పట్టీ, రొమ్మున తగిలించుకున్న బిళ్ళ, తల మీది టోపీ మాత్రం సొంతవి. బట్ట పరాయిదైన కొద్దీ ఆ చిన్న గుర్తుల మీద ఎంత భారం పడిందో చెప్పడమే నా ప్రయత్నం.

బిళ్ళ అనే మాటను కావాలనే వాడుతున్నాను. కలెక్టరు కచేరీలో డవాలీ వేసుకుని, దాని మీద ఇత్తడి బిళ్ళ మెరుస్తూ ఉంటే బిళ్ళబంట్రోతును చూసి ఊరంతా లేచి నిలబడిన రోజులు మన తాతల జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఆ మనిషి జీతం ఎంతో ఎవరూ అడగలేదు. బిళ్ళను చూసి దారి ఇచ్చారు. సైనిక చిహ్నం చేసే పని కూడా అదే.

ఈ కథకు ముందు జరిగినదాన్ని క్లుప్తంగా చెబుతాను. ఫ్రెంచి పదాతి సైనికుడు 1829 నుంచీ ఎర్ర పంట్లాం తొడిగాడు. ఆ ఎరుపు మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క వేరు నుంచి వచ్చేది. పందొమ్మిదో శతాబ్దం చివరికి ప్రయోగశాలలో తయారైన రంగు ఆ వేరును సాగు లేకుండా చేసింది, ఆ కృత్రిమ రంగు తయారీలో జర్మనీ ముందుంది. 1914 జులైలో నీలం, తెలుపు, ఎరుపు నూలు కలిపి నేసిన కొత్త బట్టకు చట్టం చేశారు. వెంటనే యుద్ధం వచ్చింది. ఎర్ర నూలుకు కావలసిన రంగు శత్రువు చేతిలో ఉండిపోయింది. ఎరుపు తీసేసి నేస్తే మిగిలింది లేత నీలం. ఆకాశం నేలను తాకే చోటి రంగు అని దానికి ముద్దుపేరు పెట్టుకున్నారు. ఫ్రెంచి సైనికుడు అంటే చాలామంది మనసులో మెదిలే ఆ నీలి కోటు ఒక కొరత వల్ల పుట్టిందన్నమాట.

ఖాకీకి మారాలని 1921లోనే నిర్ణయించారు. ఖాకీ మాట మనకు కొత్తది కాదు. దుమ్ము రంగు అనే అర్థంతో మన దేశపు దండుల్లో పుట్టి ప్రపంచమంతా తిరిగిన మాట అది, ఫ్రెంచివారు కూడా దాన్ని కాకీ అనే పలుకుతారు. నిర్ణయమైతే జరిగింది కానీ గిడ్డంగుల నిండా నీలి బట్ట నిల్వ ఉంది, ఖజానాలో డబ్బు లేదు. దాంతో సైన్యంలో అత్యధిక భాగం ఖాకీ తొడిగేసరికి 1935 దాటింది. 1939లో మళ్ళీ పిలుపు వచ్చినప్పుడు వెనుక వరుసల్లో పనిచేసే వయసు మళ్ళిన వారికి పాత నీలి కోట్లే దక్కాయి. తండ్రి తొడిగిన కోటునే కొడుకు కాలంలోనూ తొడిగించిన సైన్యం అది.

1939 నాటి పదాతి సైనికుణ్ణి మన ముందు నిలబెట్టి, పై నుంచి కిందికి చదువుదాం. తల మీద ఉక్కు హెల్మెట్టు. నడినెత్తిన కోడిజుట్టులా ఒక గట్టు, చుట్టూ చిన్న అంచు ఉండే ఈ నమూనాను 1915లో సైనిక సరఫరాల శాఖ అధికారి ఆడ్రియన్ రూపొందించగా, 1926లో దాని డిప్పను గట్టి ఉక్కుతో ఒకే ముక్కగా అచ్చులో నొక్కి మెరుగుపరిచారు. నుదుటి మీది రేకు చిహ్నం అతని కులగోత్రాలు చెప్పేస్తుంది. మండుతున్న గ్రెనేడు ఉంటే పదాతి, అడ్డంగా పేర్చిన రెండు ఫిరంగులుంటే ఫిరంగి దళం, వేట కొమ్ము ఉంటే షస్యూర్లనే తేలికపాటి పదాతి, లంగరు ఉంటే వలసరాజ్యాల సైన్యం, నెలవంక ఉంటే ఉత్తరాఫ్రికా పటాలం. కిందికి వస్తే పొడవాటి ఉన్ని కోటు. నడిచేటప్పుడు మోకాళ్ళకు అడ్డం రాకుండా దాని ముందు అంచులను వెనక్కి మడిచి బొత్తాలు పెట్టుకునేవారు. పిక్కలకు గుడ్డ పట్టీలు చుట్టేవారు. వర్షంలో తడిసి బిగుసుకుని, ఆరాక వదులై, రోజుకు నాలుగుసార్లు మళ్ళీ చుట్టుకోవలసిన ఆ పట్టీలను ప్రేమించిన సైనికుడు ఏ దేశంలోనూ లేడని నా అనుమానం.

కాలరు మీద పటాలం సంఖ్య ఉండేది, దాని పక్కన దళాన్ని బట్టి రంగు మారే సన్నని దారపు గీతలు ఉండేవి. ఫ్రాన్సులో ఉండే దళాలకు రెండు గీతలు. ఆఫ్రికా సైన్యానికీ, విదేశీయులతో ఏర్పడిన లీజియన్‌కూ మూడు. ఆ మూడో గీతను గుర్తుపట్టే కన్ను ఉంటే సైనికుడు నోరు విప్పకముందే అతడు మధ్యధరా సముద్రానికి ఏ వైపు వాడో చెప్పవచ్చు.

ఇక హోదా చూపే పట్టీల సంగతి. మన ఆడవారికి జరీ గురించి చెప్పనక్కరలేదు గనుక ఈ భాగం ఈ సభలో సులువుగా అర్థమవుతుంది. కొత్తగా అధికారి అయినవాడికి ముంజేతి మీద ఒక జరీ పట్టీ, లెఫ్టినెంటుకు రెండు, కెప్టెనుకు మూడు, ఆ పై మేజరు స్థాయి వాడికి నాలుగు, కర్నలుకు అయిదు. పదాతికి బంగారు జరీ, షస్యూర్లకూ అశ్విక దళాల్లో చాలావాటికీ వెండి జరీ. మరి లెఫ్టినెంటు కర్నలును ఎక్కడ ఇరికించాలి? నాలుగున్నర పట్టీలు కుట్టలేరు గదా. అతనికీ అయిదే ఇచ్చి, అందులో మూడు తన దళపు జరీతో, రెండు ఎదుటి జరీతో కలగలిపారు. బంగారు, వెండి అంచులు పక్కపక్కన మెరిసే ఆ చేతిని చూస్తే, గద్వాల చీర నేసే మగ్గాల దగ్గర పెరిగినవాడిని గనుక, ఆ పరిష్కారం ఆలోచించినది ఒక గుమాస్తా అయినా అతనిలో ఒక నేతగాడు ఉన్నాడని అనిపిస్తుంది. జనరళ్ళకు పట్టీలు ఉండవు, నక్షత్రాలు ఉంటాయి. అవి ఒకటితో మొదలు కావు. అత్యల్పం రెండు, సైన్యాధిపతికి అయిదు, మార్షలుకు ఏడు. ఈ రెండు నక్షత్రాల లెక్కను గుర్తుంచుకోండి, చివరలో మళ్ళీ పనికొస్తుంది.

షస్యూర్ల ప్రస్తావన వచ్చింది గనుక చిన్న పిట్టకథ చెప్పి ముందుకు వెళతాను. వారి కాలరు మీది సంఖ్య పసుపు రంగులో ఉంటుంది, కానీ ఆ పటాలంలో పసుపు అనే మాట పలకకూడదు. జోంకీయ్ అనే పసుపు పూవు పేరే చెప్పాలి. ఎరుపు అనే మాట కూడా నిషిద్ధమే. దాన్ని చెర్రీ నీలం అంటారు. మూడు చోట్ల మాత్రం ఎరుపును ఎరుపు అనవచ్చు: జాతీయ పతాకం, లీజియన్ ఆఫ్ ఆనర్ పతకపు రిబ్బను, ప్రియురాలి పెదవులు. బయటివారికి ఇది చిలిపితనంగా కనిపించవచ్చు. వేలమందికి ఒకే ఖాకీ తొడిగించినప్పుడు, మేము వేరు అని చెప్పుకోవడానికి మాటలను కూడా చిహ్నాలుగా తొడుక్కున్నారని నేను అర్థం చేసుకున్నాను.

ఆ తపన నుంచే రొమ్ము మీది లోహపు బిళ్ళ కూడా పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన దళాలు తమ విమానాల మీద కొంగలూ ఇతర జంతువులూ గీసుకున్నాయి; ట్యాంకుల మీద పేకముక్కల గుర్తులు వేసుకున్నారు. 1930ల నాటికి ఆ బొమ్మలు లోహంలోకి, మనుషుల రొమ్ముల మీదికి దిగాయి. జర్మనీ సరిహద్దున కట్టిన మాజినో కోటల రక్షక దళాలు ఖాకీ బెరే టోపీతో పాటు ‘దాటనివ్వం’ అనే నినాదాన్ని కూడా బిళ్ళ మీద ధరించాయి. శత్రువు 1940లో ఆ కోటలను ఎదురుగా ఢీకొనకుండా ఆర్డెన్ అడవుల గుండా చుట్టి వచ్చాడన్నది మీకు తెలిసిందే. బిళ్ళ చెప్పినది అబద్ధమని అనలేం, శత్రువు ప్రధాన దాడి దానిని పరీక్షించలేదంతే.

ఈ బిళ్ళలను పారిస్‌లో డ్రాగో, ఆర్థుస్ బెర్త్రాఁ వంటి సంస్థలు చేసేవి. ఇత్తడి వంటి లోహపు రేకును అచ్చులో కొట్టి, గుంటలు పడిన చోట రంగు గాజుపొడి నింపి, కొలిమిలో కరిగించేవారు. మన మీనాకారీ పనివాళ్ళు వెండి కుంకుమ భరిణె మీద చేసేదీ అదే పని. కుడి జేబు మీద, తోలు ముక్కకు తగిలించి వేలాడదీసేవారు. సైనికుల యాసలో వాటికి ప్యుసెల్ అని పేరు. కన్య అని ఆ మాటకు అర్థం, జోన్ ఆఫ్ ఆర్క్‌కు అదే బిరుదు.

ఇప్పుడు 1940 జూన్‌కు వద్దాం. దేశం లొంగిపోయింది. లండనులో ఉండి పోరు కొనసాగిస్తానన్న ఫ్రెంచి సేనాని చార్లెస్ డీగాల్ చేతిలో బట్ట లేదు, తుపాకి లేదు, సైన్యం పిడికెడు. బ్రిటిషువారు బ్యాటిల్ డ్రెస్ అనే తమ పోరు దుస్తులు ఇచ్చారు. దాని భుజం మీద ఫ్రాన్స్ అనే పేరు కుట్టారు. జులైలో నౌకాధిపతి మ్యూజెలియే ప్రతిపాదనతో రెండు అడ్డగీతలు ఉన్న లొరేన్ శిలువ వారి గుర్తయింది. హిట్లరు స్వస్తికకు ఎదురు నిలిపేందుకు ఒక శిలువ కావలసి వచ్చింది, మ్యూజెలియే తండ్రిది లొరేన్ ప్రాంతం.

చిహ్నం ఎంత పని చేయగలదో చెప్పడానికి ఆ ఆగస్టులో ఆఫ్రికా తీరాన జరిగిన ఉదంతం చాలు. డీగాల్ పంపిన లక్లేర్ అనే అధికారి 26వ తేదీ రాత్రి ఇరవై చిల్లర మందితో దుంగ పడవల్లో కామెరూన్‌లోని డ్వాలా రేవుకు చేరాడు. అక్కడ తనకంటే పై హోదా వారు ఉండవచ్చు. వారు ఆజ్ఞాపిస్తే తాను వినాలి. అందుకని నాలుగు పట్టీల లక్లేర్ తనకు తానే కర్నలు అయిపోయి, అయిదు పట్టీలతో ఒడ్డున దిగాడు. తెల్లవారేసరికి ఊరు చేతికి వచ్చింది, కొద్ది రోజుల్లో దేశమంతా. డీగాల్ ఆ హోదాను తరువాత ఆమోదించాడు. ఒక జానెడు జరీతో ఒక దేశం చేతులు మారిన సందర్భాలు చరిత్రలో అరుదు.

ఆ సెప్టెంబరులోనే పుదుచ్చేరి గవర్నరు బోన్వాఁ ఫ్రెంచి ఇండియాను డీగాల్ పక్షాన చేర్చాడు. ఆ విధంగా గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన యానాం కూడా లొరేన్ శిలువ పక్షానికి వచ్చింది. అటు కాకినాడకూ ఇటు యానాంకూ రోజూ సైకిలు మీద తిరిగినవారు పగటిపూట రెండు సామ్రాజ్యాలు దాటి ఇంటికి చేరేవారు.

1943 జనవరిలో కాసాబ్లాంకా శివారు అన్ఫాలో జరిగిన చర్చల తరువాత ఫ్రెంచి సైన్యాన్ని మళ్ళీ ఆయుధాలతో నింపే బాధ్యత అమెరికా తీసుకుంది. చివరకు ఎనిమిది డివిజన్లకు హెల్మెట్టు నుంచి ట్యాంకు వరకు సమస్తం ఇచ్చింది. అందువల్ల 1944 ఆగస్టు 24 సాయంత్రం లక్లేర్ రెండవ సాయుధ డివిజన్ తొలి బండ్లు పారిస్‌లో ప్రవేశించినప్పుడు అమెరికన్లు వచ్చారని అనుకున్నవారు ఎందరో. బండి అమెరికాది, బట్ట అమెరికాది. మరి ఫ్రెంచివారని ఎలా తెలిసింది? స్పాహీలనే మొరాకో అశ్విక దళం వారి తలల మీది ఎర్ర టోపీని చూడండి. ట్యాంకు విధ్వంసక బండ్ల మీద కూర్చున్న నావికులైతే అమెరికా చొక్కా మీద తమ గుండ్రటి నావిక టోపీనీ, దాని నడుమ ఎర్ర ఉన్ని కుచ్చునూ వదల్లేదు. లక్లేర్ తన కేపీ టోపీనీ, చేతికర్రనూ విడిచిపెట్టలేదు. డివిజన్ బిళ్ళ మీద ఫ్రాన్సు పటం, దానిపై లొరేన్ శిలువ; ఒక్కొక్క బిళ్ళకు వెనుక ఒక్కొక్క సంఖ్య చెక్కారు. బట్ట అందరిదీ ఒకటే అయినా బిళ్ళ మాత్రం ఎవరిది వారిదే.

ఇటలీ కొండల్లో ఇదే దృశ్యం మరో విధంగా కనిపించింది. జనరల్ జుయాఁ కింద పోరాడిన గూమియేలనే మొరాకో సైనికులు అమెరికా పరికరాలు తీసుకున్నారు గానీ జెల్లబా అనే చారల ఉన్ని అంగీని మాత్రం ఒంటి మీద నుంచి తీయలేదు. రాత్రి కప్పుకోవడానికి దుప్పటి, వానకు గొడుగు, గడ్డ కట్టే చలికి కవచం అదే. దాని ముందు ఏ కర్మాగారపు కోటూ నిలవదని వారికి తెలుసు.

లోపల, ఆక్రమిత ఫ్రాన్సులో పోరాడేవారికి అరువు బట్ట కూడా లేదు. వారికి చేతికి కట్టుకునే గుడ్డ పట్టీ ఒక్కటే గతి. అయితే ఆ పట్టీ వెనుక ఒక చట్టం ఉంది. దూరం నుంచి గుర్తించగల స్థిరమైన చిహ్నం ధరించినవారే యుద్ధ నియమాల రక్షణకు అర్హులని 1907 నాటి హేగ్ ఒడంబడిక చెబుతుంది. 1944 జూన్ 9న తాత్కాలిక ప్రభుత్వం ఈ అంతర్గత దళాలను సైన్యంలో భాగంగా ప్రకటించింది. లొరేన్ శిలువ అచ్చు వేసిన ఆ మూరెడు గుడ్డ, పట్టుబడినవాణ్ణి దొంగగా కాక సైనికుడిగా చూడమని చేసే విన్నపం. జర్మన్లు చాలాసార్లు ఆ విన్నపాన్ని వినలేదు.

ఇక్కడ నేను కొంచెం ఆగదలచుకున్నాను. ఆ శరత్కాలంలో సేనాని డ లాత్ర్ నడిపిన ఫ్రెంచి మొదటి సైన్యం వోజ్ పర్వతాల వైపు సాగుతుండగా, లక్షకు పైగా అంతర్గత పోరాట యోధులు అందులో చేరారు. వారికి తొడగడానికి బట్ట లేదు. అమెరికా లెక్కకు మించి ఇవ్వదు. అదే సమయంలో పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చి, ప్రొవాన్స్ తీరాన దిగి తులాన్ కోసం పోరాడిన తిరాయర్లనే నల్లజాతి పదాతి సైనికులను సుమారు పదిహేను వేల మందిని ముందు వరుస నుంచి తప్పించారు. చలి తట్టుకోలేరని కారణం చెప్పారు. విజయం తెల్లవారిది అయి ఉండాలన్న కోరిక కూడా ఆ నిర్ణయంలో ఉందని ఫ్రెంచి చరిత్రకారులే ఇప్పుడు రాస్తున్నారు. ఆ మనుషుల ఒంటి మీది పొడవు కోట్లు, హెల్మెట్లు, చేతిలోని తుపాకులు అక్కడికక్కడే తీసుకుని కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు ఇచ్చారు. సైనిక దుస్తుల చరిత్రలో బొత్తాల సంఖ్య, గుడ్డ బరువు రాసేవారు ఎక్కువ. ఒక కోటు ఒక ఒంటి నుంచి మరో ఒంటికి ఎందుకు మారిందో కూడా దుస్తుల చరిత్రలో భాగమేనని నా అభిప్రాయం. 1945 ఫిబ్రవరి 2న కొల్మార్ విముక్తమైంది. రైన్, డాన్యూబ్ నదుల పేర్లతో, కొల్మార్ పట్టణపు రాజచిహ్నంతో మొదటి సైన్యం తయారు చేసుకున్న బిళ్ళ చాలా అందమైనది. కోటు విప్పి ఇచ్చి వెళ్ళిన ఎంతోమందికి దాన్ని తగిలించుకోవడానికి ఆ కోటే లేదు.

యుద్ధం ముగిశాక కాలరు మీది గుర్తులు ఎడమ భుజం మీదికి వచ్చి, వజ్రపు ఆకారంలో కుట్టిన గుడ్డ ముక్కలయ్యాయి. లీజియన్ ముక్క మీద మూడు ఆకుపచ్చ గీతలు, ఏడు జ్వాలల గ్రెనేడు. లీజియన్ తెల్ల కేపీ సంగతి కూడా ఒక్క మాటలో చెబుతాను: అది మొదట ఎవరూ రూపొందించినది కాదు. ఖాకీ టోపీ తొడుగును ఎడారి ఎండలో పదే పదే ఉతికితే వెలిసి తెల్లబడింది. ఎంత తెల్లగా ఉంటే అంత సీనియరు అన్న గౌరవం వచ్చింది. 1939లో ప్రభుత్వం దానికి ఆమోదముద్ర వేసింది.

తరువాత ఇండోచైనా, అంటే నేటి వియత్నాం, దాని చుట్టుపక్కల ఫ్రెంచి వలసల్లో జరిగిన యుద్ధం. అక్కడికి వెళ్ళిన పారాచూటు దళాల తొలి ఫొటోలు చూస్తే నాలుగు దేశాల బట్టల అంగడిలా ఉంటుంది. బ్రిటిషువారి మచ్చల కోటు ఒకడికి, అమెరికా సముద్ర సైనికుల కప్ప చర్మపు బట్ట ఇంకొకడికి. బ్రిటిషు గాలికోటు ఒకదాన్ని సైనికులు సాసేజు తోలు అని ఎగతాళి చేసేవారు. ఈ గందరగోళం మధ్య 1947 నమూనా వచ్చింది. లేత ఆకుపచ్చ మీద ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగులను వెడల్పాటి కుంచెతో అడ్డంగా గీసినట్టు ఉండే ఆ అచ్చును సైనికులు చిరుత అన్నారు. బయటివారు బల్లి అంటారు. చాలా ఏళ్ళ తరువాత ఫ్రెంచి సైన్యం తన సొంత బట్ట అని గర్వంగా తొడిగినది ఇదే. బిజార్ అనే పారా అధికారి పేరు మీద స్థిరపడిన టోపీ, ముందు చిన్న చూరు, వెనుక మెడ మీదికి రెండు రెక్కలుగా వాలే గుడ్డతో, ఆ అడవుల్లోనే పుట్టింది.

బిళ్ళలు పారిస్ నుంచి సమయానికి రావు గనుక హనోయి, సైగాన్ కంసాలుల చేత పోత పోయించుకున్నారు. వాటి అంచులు ముతకగా, రంగు ఒకవైపు కారినట్టు ఉంటుంది. సేకర్తలు నేడు మెరిసే పారిస్ బిళ్ళ కన్నా వీటి కోసమే ఎక్కువ వెదుకుతారు. నాదీ అదే పక్షం.

పుదుచ్చేరికి జులై 14న వెళితే సముద్రపు ఒడ్డున యుద్ధ స్మారకం దగ్గర ఫ్రెంచి సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన దేశపు పెద్దలు పతకాలు ధరించి నిలబడతారు. ఆ రిబ్బన్లను చదవడం నేర్చుకోండి. ఎరుపు మీద ఆకుపచ్చ చారలుంటే 1939–45 యుద్ధ శిలువ. లేత నీలానికి ఎర్ర అంచులుంటే విదేశీ రణరంగాల శిలువ. ఇండోచైనాలో ఇచ్చినది అదే.

స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న అల్జీరియాకు వచ్చేసరికి రిబ్బనుకే చిక్కు వచ్చింది. అక్కడ 1954 నుంచి జరుగుతున్నది యుద్ధం కాదని, శాంతిభద్రతల పరిరక్షణ మాత్రమేనని ప్రభుత్వం అంటోంది. యుద్ధం కానప్పుడు యుద్ధ శిలువ ఎలా ఇస్తారు? సాహసం చేసినవాడికి ఏదో ఒకటి ఇవ్వాలి. 1956 ఏప్రిల్‌లో సైనిక శౌర్య శిలువ అని కొత్త పేరుతో, ఎరుపు తెలుపు రిబ్బనుతో ఒక పతకాన్ని సృష్టించారు. అది యుద్ధమేనని చట్టం ఒప్పుకోవడానికి 1999 వరకు ఆగవలసి వచ్చింది. అంతవరకు ఆ నిజం మాట రూపంలో లేకపోయినా రిబ్బను రూపంలో వేల రొమ్ముల మీద వేలాడింది.

1961 ఏప్రిల్‌లో, అల్జీరియాను వదులుకోకూడదంటూ, అల్జీర్స్‌లో నలుగురు మాజీ సేనానులు తిరుగుబాటు చేశారు. సలాన్, షాల్, జుఓ, జెల్లేర్. నలుగురూ అయిదు నక్షత్రాల వారే. 23వ తేదీ రాత్రి అధ్యక్షుడు డీగాల్ టెలివిజన్ తెర మీదికి పౌర దుస్తుల్లో కాక సైనిక దుస్తుల్లో వచ్చాడు. 1940లో తాత్కాలికంగా దక్కిన హోదా నాటి రెండు నక్షత్రాలే ఇరవయ్యొక్క ఏళ్ళ తరువాత కూడా ఆయన చేతుల మీద ఉన్నాయి. మూడోదాన్ని ఆయన ఎప్పుడూ కుట్టించుకోలేదు. బారకాసుల్లో ట్రాన్సిస్టరు రేడియోలు పట్టుకుని ఆ ప్రసంగం విన్న, నిర్బంధ సైనిక సేవలో ఉన్న కుర్రాళ్ళు ఆయన పక్షాన నిలిచారు, కొద్ది రోజుల్లో తిరుగుబాటు కూలిపోయింది.

తిరుగుబాటులో ముందు నిలిచిన లీజియన్ మొదటి పారాచూటు పటాలాన్ని ఏప్రిల్ 30న రద్దు చేశారు. ఆ దళాల ఒంటి మీద ప్రపంచమంతా చూసిన చిరుత బట్టను కూడా తరువాతి రెండు మూడేళ్ళలో సైన్యం నుంచి తీసేశారు. సాదా ఆకుపచ్చ వచ్చింది. ఆ చారల అచ్చు మాత్రం ఇంటికి పోలేదు. పోర్చుగీసువారు తమ ఆఫ్రికా యుద్ధాలకు దాన్ని అనుకరించి తొడిగారు. ఇజ్రాయెల్ పారాచూటు సైనికులు ఫ్రాన్సు ఇచ్చిన ఆ దుస్తులతోనే 1967 యుద్ధంలోకి వెళ్ళారు. దక్షిణ వియత్నాంలో అదే గీత పులి చారగా మారి, చివరకు అమెరికా ప్రత్యేక దళాల ఒంటి మీదికి చేరింది. 1943లో ఫ్రాన్సుకు బట్ట ఇచ్చిన దేశపు సైనికులు, ఇరవై ఏళ్ళ తరువాత ఫ్రాన్సు విప్పేసిన గీతను సైగాన్ దర్జీల దగ్గర కొలతలు ఇచ్చి కుట్టించుకున్నారు.